ఫ్లెక్సీ తాగిన పాలు

మా ఊళ్ళో ఆవులు రెండు పూటలా పాలిస్తాయి. పాల వ్యాను మాత్రం ఒక్క పూటే వస్తుంది. తప్పు ఆవులదేనని డెయిరీ వాళ్ళ అభిప్రాయం.

చింతలగుట్టపల్లెకు వ్యాను ఉదయం ఆరున్నరకు వస్తుంది. దొరసామన్న ఇంటి వసారాలో వెన్న శాతం చూసే యంత్రం ఉంది. అందరూ క్యాన్లతో, చెంబులతో వచ్చి అక్కడ పాలు పోస్తారు. అటూ ఇటుగా రోజుకు ఐదు వందల నలభై లీటర్లు అవుతాయి. సాయంత్రం పితికిన పాలకు మాత్రం దిక్కు లేదు. తెల్లారేసరికి విరిగిపోతాయి. అందుకని వాటిని మేమే తాగుతాం, తోడు పెడతాం, ఇంటికి వచ్చిన వాళ్ళకు చెంబెడు ఇచ్చి పంపుతాం. ఇంకా మిగిలితే కుక్కలకు పోస్తాం. మా ఊరి కుక్కలు చుట్టుపక్కల ఊళ్ళ కుక్కల కన్నా ఒళ్ళు చేసి ఉంటాయి.

సాయంత్రం పాలకు కూడా ధర రావాలంటే ఊళ్ళో కూలింగ్ మిషన్ ఉండాలి. పెద్ద స్టీలు తొట్టి, దానికి కరెంటు. అందులో పోస్తే పాలు మరునాటి వరకు చెడవు. దీనికి కేంద్ర ప్రభుత్వ పథకం ఉందని, ఉదయం పూట ఐదు వందల లీటర్లకు తగ్గకుండా పోసే ఊరికి ఇస్తారని దొరసామన్న పేపర్లో చదివి చెప్పాడు.

"మనయి ఐదు వందల నలభై. నలభై ఎక్కువే ఉండాయి. అడిగేవాడే కావాల," అన్నాడు.

అడగడం మా అమ్మ వంతు అయింది. ఆ నెలలో ఎంపీ గారు మా పక్కింటి గృహప్రవేశానికి వచ్చారు. పక్కింటి వాళ్ళకు గ్లాసులు చాలక మా ఇంటి నుంచి కాఫీ తెప్పించారు. అమ్మ కాఫీ చేతికిచ్చి, గ్లాసు వదలకుండా అడిగింది.

"సామీ, సాయంత్రం పాలు కుక్కల పాలైపోతా ఉండాయి. మా ఊరికొక మిషన్ ఇప్పించండి."

ఎంపీ గారు గ్లాసు లాక్కోలేక, అమ్మ వైపు చూసి నవ్వారు.

"అమ్మా, నువ్వు అడిగినావు, నేను విన్నాను. ఇంక అది నీ సమస్య కాదు. పార్లమెంటు సమస్య."

పార్లమెంటు సమస్య అయ్యాక ఆలస్యం ఎందుకని అమ్మ మరుసటి వారమే చెవి కమ్మలు అమ్మి రెండో ఆవును కొనింది. ఎర్రటి సీమావు. దానికి జాజి అని పేరు పెట్టాం. నాన్న బెంగుళూరులో లారీ నడుపుతాడు. ఫోన్‌లో విషయం విని, "ఎంపీ ఉత్తినే చెప్పినాడా, రాసిచ్చినాడా?" అని అడిగాడు.

"కాఫీ తాగి చెప్పినాడు," అంది అమ్మ.

ఒక పూట పాలతో రెండు ఆవుల దాణా గడవదు. ఎండాకాలం లోపల మిషన్ వస్తే జాజి మా ఇంట్లో ఉంటుంది, రాకపోతే సంతకు పోతుంది. ఈ సంగతి అమ్మ మాతో చెప్పలేదు. జాజితో చెబుతుంటే విన్నాను.

నెల తిరగక ముందే చెంగల్రాయులు మామ రెండు ఫోన్లతో పరిగెత్తుకుంటూ వచ్చాడు. మా ఊళ్ళో ఎంపీ గారి మనిషి ఆయనే. ఒక ఫోన్‌లో ఫొటో చూపించాడు. ఎంపీ గారు కేంద్ర మంత్రి గారికి మా ఊరి అర్జీ ఇస్తున్నారు. ఇచ్చేవారు కెమెరా వైపు చూస్తున్నారు, తీసుకునేవారు కూడా కెమెరా వైపే చూస్తున్నారు. అర్జీని ఎవరూ చూడటం లేదు.

"పనైపోయినట్టే! ఇంగ పాలాభిషేకం చెయ్యాల," అన్నాడు మామ.

"మిషన్ ఇంకా ఇయ్యలేదు కదప్పా. అర్జీనే కదా ఇచ్చింది?" అన్నాడు దొరసామన్న.

"అర్జీ ఇచ్చినందుకు ఒకటి. మిషన్ వస్తే ఇంకోటి. ఢిల్లీలో దేనికైనా ఒక వరస ఉంటాది అన్నా."

ఎట్లాగూ సాయంత్రం పాలే కదా అని అందరూ ఒప్పుకున్నారు. బస్టాపు దగ్గర రెండు గుంజలు పాతి ఫ్లెక్సీ కట్టారు. పైన కేంద్ర మంత్రి గారు, మధ్యలో ఎంపీ గారు, ఆయన పక్కన పార్టీ జిల్లా అధ్యక్షుల వారు, కింద ఒక మూల చెంగల్రాయులు మామ చేతులు జోడించి ఉన్నారు. డప్పులు కొట్టారు. నిచ్చెన వేసుకుని పైనుంచి పాలు పోశారు. అమ్మ కూడా జాజి పాలు ఒక చెంబు పోసింది. ఒక దూడ వచ్చి, కారుతున్న పాలను మామ బొమ్మ మీద నాకసాగింది. "దీన్ని తోలండ్రా, ఫొటోలో పడతా ఉండాది!" అని మామ అరిచాడు.

మరునాడు ఎంపీ గారి పీఏ ఫోన్ చేశాడు. మామ స్పీకర్ పెట్టి ఊరందరికీ వినిపించాడు.

"మీ పాలాభిషేకం ఫొటోలు మంత్రి గారి పేషీకి చేరాయి. ప్రజా స్పందన సంతృప్తికరంగా ఉన్నందున ఫైలు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు కదిలింది."

పోశాం, కదిలింది. మా సైన్సు సార్ చేయించే ప్రయోగాలు కూడా ఇంత బాగా రావు. ఇక ఊళ్ళో ఎవరికీ అనుమానం లేదు.

ఆ తర్వాత మాకు ఢిల్లీలో ఎన్ని బల్లలున్నాయో తెలిసింది. సూత్రప్రాయ అంగీకారం అని ఒకటి వచ్చింది. దానికి పోశాం. సవివర నివేదిక కోరుతూ లేఖ వచ్చింది. పోశాం. నివేదిక అందినట్టు రసీదు వచ్చింది. రసీదుకు కూడా పొయ్యాలా అని దొరసామన్న అడిగాడు. "లేఖకు పోసి రసీదుకు పొయ్యకపోతే రసీదు ఇచ్చినాయన బాధపడడా?" అన్నాడు మామ. పోశాం. ఏ దశ మంజూరైందో మాకన్నా ముందు కుక్కలకు తెలిసేది. డప్పు బయటికి తీయక ముందే మూడు ఊళ్ళ కుక్కలు బస్టాపు దగ్గర వరసగా కూర్చునేవి.

నాలుగో దశ దాటాక పీఏ శేషసాయి గారు స్వయంగా కారులో వచ్చారు. బడి వరండాలో అందరినీ కూర్చోబెట్టి, ఒక కాగితం తీసి చదివారు.

"పాలాభిషేకాల నిర్వహణలో క్రమశిక్షణ లోపించినట్టు మా దృష్టికి వచ్చింది. గత కార్యక్రమంలో గౌరవ కేంద్ర మంత్రివర్యుల ముఖభాగంపై పడిన పాల కంటే గౌరవ పార్లమెంటు సభ్యుల ముఖభాగంపై పడిన పాలు అధికంగా ఉన్నట్టు ఫొటోలో స్పష్టంగా కనబడుతోంది. ఇది ప్రోటోకాల్ ఉల్లంఘన. ఇకపై మంత్రివర్యులకు వంద లీటర్లు, ఎంపీ గారికి ఎనభై, జిల్లా అధ్యక్షుల వారికి యాభై, స్థానిక నాయకత్వానికి పది."

చెంగల్రాయులు మామ ముఖం వెలిగింది. పది లీటర్ల మనిషినని ఆయనకు అప్పటి వరకు తెలియదు.

"పోయినసారి నీళ్ళు కలిపిన పాలు పోసినట్టు కూడా ఫిర్యాదు ఉంది," అన్నారు శేషసాయి గారు. "పాల గుండా మంత్రి గారి కళ్ళద్దాలు కనబడుతున్నాయి. పాలు చిక్కగా ఉండాలి."

దొరసామన్న లేచి, "సార్, వెన్న శాతం చూసి పోయించమంటారా?" అని వెటకారంగా అడిగాడు.

"అది ఆహ్వానించదగ్గ సూచన," అని శేషసాయి గారు రాసుకున్నారు. అప్పటి నుంచి అభిషేకం పాలు యంత్రంలో పరీక్షించాకే నిచ్చెన ఎక్కాయి.

ఆయన ఇంకొక మాట కూడా చెప్పారు. సాయంత్రం వెలుతురులో ఫొటోలు మసకగా వస్తున్నాయట. పాలాభిషేకం ఇకపై ఉదయం ఆరు గంటలకు జరగాలి.

అమ్మ వెనక వరస నుంచి లేచింది. "సామీ, పొద్దున పాలు వ్యానుకు పొయ్యాల కదా. మా బతుకంతా అవే. సాయంత్రానివైతే పోస్తాం, పొద్దునవి పొయ్యకపోతే ఏమవుతాది?"

శేషసాయి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఏమీ కాదమ్మా. బలవంతం లేదు. కానీ ఒక్కటి ఆలోచించు. పాల శీతలీకరణ కేంద్రం అడుగుతున్న ఊరు పాలు పొయ్యడానికి వెనకాడితే, అసలు ఆ ఊళ్ళో పాలున్నాయా అని ఢిల్లీకి సందేహం రాదా?"

నాకు ఒక జవాబు తోచింది గానీ అంతమందిలో నోరు పెగల్లేదు.

ఆ తర్వాతి దశకు ఉదయం పాలే పోశాం. అభిషేకం అయ్యేసరికి వ్యాను వచ్చి నిలబడి ఉంది. డ్రైవరు సగం ఖాళీగా ఉన్న క్యాన్లు చూసి, "ఏందన్నా, ఆవులకేమైనా రోగమొచ్చిందా?" అని అడిగాడు.

"లేదప్పా," అన్నాడు దొరసామన్న. "మంజూరు వచ్చింది."

చివరికి అన్నింటి కన్నా పెద్ద దశ వచ్చింది. దాని పేరు క్షేత్రస్థాయి సాధ్యాసాధ్యాల అధ్యయనం. అంటే కేంద్రం నుంచి ఇద్దరు అధికారులు వచ్చి పది రోజులు ఊళ్ళోనే ఉండి, ఉదయం పూట ఎన్ని పాలు వస్తున్నాయో కొలుస్తారు. సగటు ఐదు వందలు ఉంటే మిషన్ ఇచ్చేస్తారు. ఈ వార్త విని అమ్మ ఆ రోజు జాజికి రెండు దోసిళ్ళ తవుడు ఎక్కువ వేసింది.

చెంగల్రాయులు మామ పంచాయితీ పెట్టాడు. "ఇంతవరకూ కాగితాలొచ్చినాయి. ఇప్పుడు మనుషులే వస్తా ఉండారు. అందుకని పది రోజులూ రోజూ పాలాభిషేకం. పాలపండగ వారోత్సవాలని పేరు."

"వారమంటే ఏడు రోజులప్పా," అన్నారు ఎవరో.

"పది రోజుల వారం! కేంద్రం కదా, పెద్దదిగా ఉంటాది."

దొరసామన్న నెత్తి కొట్టుకున్నాడు. "ఒరే నాయనా! వాళ్ళు వస్తా ఉండేదే పాలు కొలిచేదానికి. ఆ పది రోజులూ పాలన్నీ నా కాడికి రావాల రా!"

"కొలిచేదానికి వచ్చినోళ్ళకు గౌరవం చెయ్యకుండానే కొలిపిస్తామా? మనూరికి మర్యాద లేదా?"

"పది రోజులు ఆపండి," అంది అమ్మ. "పదకొండో రోజు ఎంత కావాలంటే అంత పోస్తాం. కావాలంటే నా రెండావుల పాలూ నేనే నిచ్చెనెక్కి పోస్తా."

మామకు కూడా ఇది సబబుగానే తోచి పీఏ గారికి ఫోన్ చేశాడు. స్పీకర్‌లో జవాబు వచ్చింది. "అధ్యయన కాలంలో స్పందన తగ్గితే పైకి తప్పుడు సంకేతం వెళుతుంది. సాధ్యపడదు."

అధికారులు వచ్చారు. పెద్దాయన ఉత్తరాది మనిషి. చిన్నాయన తెలుగు వాడే. పొద్దున డప్పుల చప్పుడు గుడిదనుకుని, ఇద్దరూ నేరుగా దొరసామన్న వసారాకే వచ్చేవారు. మొదటి రోజు లెక్క మూడు వందల పది. రెండో రోజు మూడు వందలు. మూడో రోజు రెండు వందల తొంభై. చిన్నాయన ఆవుల జాబితా ముందు పెట్టుకుని తల గోక్కున్నాడు.

"ఇన్ని ఆవులున్నాయి. ఐదు వందల పైన రావాలి. మిగతావి ఎక్కడికి పోతున్నాయి?"

మంత్రి గారి మీద పోసిన పాలను పోగొట్టుకున్న పాలు అనడానికి ఎవరికి మాత్రం ధైర్యం వస్తుంది? చిన్నాయన చుట్టూ చూసి, ఖాళీ చెంబుతో గోడకు ఆనుకుని ఉన్న నన్ను అడిగాడు. "ఏం పాపా, నువ్వు చెప్పు. మిగతా పాలు ఎక్కడ?"

కొత్తవాళ్ళు అడిగితే నాకు మాట రాదు. చెయ్యి ఎత్తి బస్టాపు వైపు చూపించాను.

ఇద్దరూ నడుచుకుంటూ వెళ్ళి ఫ్లెక్సీ ముందు నిలబడ్డారు. కేంద్ర మంత్రి గారి గడ్డం నుంచి పాలు ఇంకా ధారగా కారుతున్నాయి. కింద దూడలు, కుక్కలు పోట్లాడుకోకుండా పంచుకుంటున్నాయి.

"ఇది రోజూ జరుగుతుందా?" అని అడిగాడు చిన్నాయన.

"మీ గౌరవార్థం, రోజూ సార్!" అన్నాడు చెంగల్రాయులు మామ.

పెద్దాయన చాలాసేపు ఫారం తిరగేశాడు. దాంట్లో అమ్మినవి, ఇంట్లో వాడినవి, దూడలు తాగినవి, ఒలికిపోయినవి అని నాలుగు గడులున్నాయి. దీన్ని ఏ గడిలో వెయ్యాలి? ఒలికిపోయినవి అంటే మంత్రి గారికి అవమానమని మామ ఒప్పుకోలేదు. దూడలు తాగినవి అని రాద్దామంటే, తాగినవి దూడలు మాత్రమే కాదని చిన్నాయన అభ్యంతరం చెప్పాడు. పెద్దాయన ఢిల్లీకి ఫోన్ చేసి మాట్లాడి, స్కేలు పెట్టి ఐదో గడి గీశాడు. దానికి "ఇతరములు" అని పేరు పెట్టాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

నివేదిక మూడు వారాలకు వచ్చింది. మామ చదవలేక మా హెడ్మాస్టరుతో చదివించాడు. "సదరు గ్రామంలో పాల ఉత్పత్తి సంతృప్తికరంగా ఉన్నప్పటికీ, అందులో గణనీయమైన భాగం ప్రతిదినం ఇతరములుగా పరిణమిస్తున్నది. విక్రయానికి లభ్యమవుతున్న పాలు నిర్దేశిత పరిమాణానికి తక్కువగా ఉన్నందున, శీతలీకరణ కేంద్రం స్థాపన సిఫారసు చేయబడలేదు. సదరు గ్రామాన్ని పాల కొరత గల గ్రామంగా పరిగణించవచ్చును."

హెడ్మాస్టరు కాగితం మడిచి మామ చేతికిచ్చాడు. తర్వాత మామ గొంతు సవరించుకుని, "ఏదేమైనా నివేదిక వచ్చిందంటే ఒక దశ పూర్తయినట్టే. దీనికి గూడా..." అన్నాడు.

"చెంగల్రాయులన్నా," అంది అమ్మ మెల్లగా. "ఆ మాట పూర్తి చెయ్యొద్దు. నా చేతిలో చెంబుండాది."

మామ పూర్తి చెయ్యలేదు.

ఎంపీ గారు మాత్రం చేతులు ముడుచుకుని కూర్చునే మనిషి కాదు. అదే నివేదికను చేత్తో పట్టుకుని ఇంకో మంత్రి గారి దగ్గరికి వెళ్ళారు. పాల కొరత గల గ్రామాలకు వేరే పథకం ఉందట. దానికి అర్జీ ఇచ్చిన నలభై రోజులకే నిధులు వచ్చేశాయి. సూత్రప్రాయం, సవివరం ఏమీ లేవు. మా ఊరికి ఒక లారీ నిండా పాలపొడి వచ్చింది. ఇంటికి నాలుగు కిలోలు. ఎంపీ గారే వచ్చి పంచుతారన్నారు.

ఆ రోజు శుక్రవారం. సంత కూడా శుక్రవారమే. దాణా బస్తా అడుగంటి అప్పటికే పది రోజులైంది. అమ్మ తెల్లారేసరికి జాజికి నీళ్ళు పోసి, కొమ్ములకు నూనె రాసి, పలుపు చేత పట్టుకుంది. నేను వెనక నడిచాను.

బస్టాపు దగ్గర కొత్త ఫ్లెక్సీ కట్టి ఉంది. ఊళ్ళో అప్పటికే సగం మంది ఆవులను అమ్మేశారు. మిగిలిన వాళ్ళు ఎంత బతిమాలినా చుక్క పాలు ఇవ్వలేదు. చెంగల్రాయులు మామ పాలపొడి బస్తాలు రెండు విప్పి, డ్రమ్ములో నీళ్ళు పోసి కర్రతో కలుపుతున్నాడు. అది ఉండలు కట్టింది. పోస్తే ఉండలన్నీ ఎంపీ గారి మీసాల మీద నిలబడిపోయాయి. కుక్కలు దగ్గరికి వచ్చి వాసన చూసి వెళ్ళిపోయాయి.

ఊరు దాటాక ఎంపీ గారి కార్లు ఎదురొచ్చాయి. జాజి దారికి అడ్డంగా నిలబడింది. ముందు కారు అద్దం దిగింది.

"అమ్మా, సాధించినాం! చూసినావా?" అన్నారు ఎంపీ గారు.

"చూసినాం సామీ."

"ఈ ఆవును ఎక్కడికి తోలుకపోతున్నావు? కార్యక్రమం అటు కదా!"

"దీనికి కార్యక్రమాలు ఎక్కువైనాయి సామీ. రవంత తిరగడానికి తీసకపోతా ఉండా," అంది అమ్మ. జాజిని పక్కకు లాగి దారి ఇచ్చింది.

సంతలో పదకొండు గంటలకు ఒక పెద్దాయన వచ్చి జాజి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. పొదుగు చూశాడు, పళ్ళు చూశాడు.

"పొద్దున ఎన్ని ఇస్తాది?"

"ఆరు లీటర్లు."

"సాయంత్రం?"

"ఐదు. కొలిచింది తక్కువలే అన్నా."

"కొలవకుండా ఎవరికి పోసినావమ్మా?"

"పెద్దోళ్ళ మొహాన పోసినాం."

ఆయనకు అర్థం కాలేదు. "మా ఊళ్ళో ఐతే సాయంత్రానివి గూడా కొలవాల్సిందే. మొన్ననే కూలింగ్ మిషన్ వచ్చింది. అందుకే ఇంకో ఆవును పట్టుకపోదామని వచ్చినా."

అమ్మ చేతిలోని పలుపు బిగుసుకుంది. "ఏ ఊరన్నా మీది?"

"వంకమీదపల్లె."

"ఎవరు ఇప్పించినారు?"

"ఎవరూ ఇప్పీలేదు. ఇద్దరు ఆఫీసర్లు వచ్చినారు. మీ పక్క ఏదో ఊళ్ళో కుదర్లేదంట, మా ఊళ్ళో కొలిచినారు. ఐదు వందల పది వచ్చినాయి. పెట్టిపోయినారు."

"ఎంపీకి అర్జీ ఇచ్చినారా?"

పెద్దాయన నవ్వాడు. "మా ఊరోళ్ళం ఆయనకు ఓటే వెయ్యలేదమ్మా. ఇంగ అర్జీ ఏ మొహం పెట్టుకుని ఇస్తాం? ఆయన బొమ్మ గూడా లేదు మా ఊళ్ళో. ఎవరి బొమ్మా లేదు. పాలు పితికితే పొయ్యేదానికి మాకు డెయిరీ తప్ప ఇంకో చోటు తెలీదు."

అమ్మ బేరం ఆడలేదు. ఆయన చెప్పిన ధరకే ఒప్పుకుంది. పలుపు ఆయన చేతికిచ్చింది. ఉడకబెట్టిన ఉలవలంటే దీనికి ఇష్టమని, పితికేటప్పుడు ఎడమ వైపు కూర్చోవాలని చెప్పింది. ఆయన లాగాడు గానీ జాజి కదలలేదు. అమ్మ దాని వీపు మీద చెయ్యి వేసి నిమిరింది.

"పోమ్మా. మన ఇంట్లో కేంద్ర సాయం అందింది నీ ఒక్కదానికే."